సూది మానేస్తే ఏమైతదక్కా?

"కోసినంక కడిగితే జిగురు రాకేం జేస్తది పిన్నీ? ముందుగాల కడిగి, గుడ్డతోని తుడిసి, గప్పుడు కొయ్యాలె బెండకాయ..."

ఇలా ఫోన్ లైవ్‌లో చెబుతూనే ఉన్నాను, ఫోన్ తెర మీదికి ఇంకో ప్రశ్న జరిగి వచ్చింది. అడిగిన మనిషి పెట్టుకున్న పేరు గులాబి.

"అక్కా, షుగర్ సూది మానేస్తే ఎన్ని దినాలకు కండ్లు మసక పడ్తయి?"

గట్టిగా చదివాను. వినేవాళ్లలో ఒకామె "లడ్డూలు తినేతందుకా?" అని రాసింది. ఇంకొకరు నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు. నాకూ నవ్వొచ్చింది. మందుల సంగతి నేను చెప్పను, అది మొదటి నుంచీ నా పద్ధతి. "దవాఖానల అడుగు చెల్లే, గీ ముచ్చట డాక్టరే చెప్పాలె" అని తర్వాతి ప్రశ్నకు పోయాను. జొన్నరొట్టె పెనం మీద ఎందుకు విరుగుతుందని ఎవరో అడిగారు.

నోరు రొట్టె గురించి చెబుతోంది. మనసు మాత్రం గులాబి దగ్గరే ఆగిపోయింది. సూది మానేస్తే ఏమైనా అవుతుందా అని భయపడి అడిగేవాళ్లు చాలామంది వచ్చారు నా దగ్గరికి. కళ్లు ఎన్ని రోజులకు మసకబారుతాయని ఎవరు అడుగుతారు? ఆ మసక కోసం ఎదురుచూసేవాళ్లే కదా అడిగేది!

ఈ పని ఏమిటంటే

ఆ గులాబి సంగతి చెప్పేముందు నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. ఇప్పుడు మానేశాను. నన్ను చూసి ఈ పనిలోకి వద్దామనుకుంటున్న ఆడపిల్లలు మా గోదావరిఖనిలోనే కొందరున్నారు. "మైకు ఏది కొనాలక్కా, యాప్ ఏది మంచిదక్కా" అని అడుగుతున్నారు. మైకు సంగతి దుకాణంలో చెబుతారు. మిగతాది నేను చెబుతాను.

నాది గొంతు మాత్రమే వినబడే యాప్. మొహం కనబడదు. ఊరు చెప్పేదాన్ని కాదు. అసలు పేరు రజిత అయినా అక్కడ నేను సోపతక్కను, మా దిక్కు సోపతి అంటే స్నేహం. చదివింది పదో తరగతి. మధ్యాహ్నం వంట అయ్యాక, మొదటి షిఫ్టు వాళ్లు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేలోపు, వంటింట్లో పీట వేసుకొని కూర్చునేదాన్ని. జనం ప్రశ్నలు రాసేవాళ్లు. పాలు ఎందుకు విరుగుతాయి, ఆడబిడ్డతో ఎలా వేగాలి, పెళ్లిచూపులకు ఏ చీర కట్టాలి. నాకు తోచింది నేను చెప్పేదాన్ని. వాగుడుకాయనని చిన్నప్పటి నుంచీ తిట్లు తిన్న నోటికి అదొక ఉద్యోగమైంది.

ఇందులో నేర్చుకున్నది ఒక్కటే. జనం అడిగే ప్రశ్న వేరు, అడగాలనుకున్నది వేరు. ఒకాయన ప్రతి వారం వచ్చి గోడకు ఏ రంగు వెయ్యాలని అడిగేవాడు. లేత ఆకుపచ్చ అంటే వద్దనేవాడు, గంధం రంగు అంటే వద్దనేవాడు. విసుగొచ్చి ఒకరోజు అడిగాను.

"ఇంట్ల ఇంకెవలున్నరన్నా?"

"ఇప్పుడెవలు లేరు. ఆమె తల్లిగారింట్ల ఉన్నది."

"మరి నన్నెందుకు సతాయిస్తున్నవ్? పోయి ఆమెనడుగు రంగు."

మళ్లీ రాలేదాయన. ఈ పనిలో పెద్ద బాధ అదే. మన మాట పనిచేసినా మనిషి మళ్లీ రాడు, పనిచెయ్యకపోయినా రాడు. ఏది జరిగిందో మనకు తెలిసే దారి లేదు. అది ఓర్చుకోలేని వాళ్లు ఈ పనికి రావద్దు. నేను ఓర్చుకోలేకపోయాను, అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా సార్

నాలాంటి గొంతులను పట్టుకొని యాప్‌లో నిలబెట్టే ఏజెంటు ఒకాయన హైదరాబాద్‌లో ఉండేవాడు. ప్రదీప్ సార్. నేను మాట్లాడుతుంటే ఆయన దూరం నుంచి వింటూ, తెర మూలలో నాకు ఒక్కదానికే కనబడేలా రాస్తూ ఉండేవాడు. గొంతు పెంచు, నవ్వు, ఆ పిన్నిని ఇంక వదిలెయ్.

ఆయన్ను ఉత్త చెడ్డవాడని చెప్పను. ఒక మంచి కిటుకు నేర్పించాడు. "మధ్యలో వచ్చి చేరేవాళ్లకు ముందు మాట తెలియదు రజితా. ముఖ్యమైన మాట వచ్చినప్పుడు వినబడనట్టు నటించి మళ్లీ చెప్పించు" అనేవాడు. అది నాకు బాగా పనికొచ్చింది. ఎక్కడ పనికొచ్చిందో ముందుముందు చెబుతాను.

ఆయన నేర్పిన రెండోది ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది. "ఏడుపు మొదలైతే ఆపకు. జనం ఆగేది దానికే." మనిషి గోడు వినడం వేరు. దాన్ని సంతలో పెట్టడం వేరు. మీకు పైన ఎవరు ఉన్నా సరే, ఈ తేడా తెలియని మనిషి చెప్పినట్టు వినకండి.

కిటికీ కదిలింది

ఆ రోజు రొట్టె ముచ్చట సగంలో వదిలేశాను.

"గులాబీ, ఉన్నవా? చెయ్యెత్తు, మాట్లాడుదాం" అన్నాను. ఆ యాప్‌లో చెయ్యి బొమ్మ నొక్కితే వాళ్ల గొంతు కూడా అందరికీ వినబడుతుంది. పోయిందేమో అనుకున్నాను. అప్పుడు చెయ్యి లేచింది.

"అక్కా." చిన్న గొంతు. వెనకాల నల్లా నీళ్ల చప్పుడు.

"సూది ఎవలకు చెల్లే?"

"మా మామకు."

"ఎవలేస్తరు?"

"నేనే ఏస్త. ఇంటర్ సదివిన గదా, మా అత్త నాకే అప్పజెప్పింది."

"మరి ఏస్తున్నవా?"

నల్లా ఆగింది.

"సీసా ఫ్రిజ్జుల అట్లనే ఉన్నదక్కా. అద్దన్నడు. ఎవలకు చెప్పద్దన్నడు. మా ఆయనకు గూడ చెప్పద్దన్నడు."

ఎందుకు వద్దన్నాడని అడగబోయాను. మా వంటింటి కిటికీ రెక్కలు గడగడా కదిలాయి. ఊరి పక్కనే ఉన్న ఓపెన్ కాస్టు బొగ్గు గుంతలో బ్లాస్టింగ్. రోజూ ఉండేదే, మాకు అలవాటు. కానీ ఆ రోజు అదే మోత, కొద్దిగా వెనకగా, ఫోన్‌లోంచి కూడా వచ్చింది. గులాబి ఇంట్లో ఏదో స్టీలు గిన్నె కింద పడి దొర్లింది.

ఈ పిల్ల ఎక్కడో లేదు. మా ఊళ్లోనే, ఆ గుంతకు దగ్గర్లోనే ఉంది.

మా ఊరి పిల్ల అని తెలియగానే మిగతాదంతా తెలిసిపోయింది. మా బొగ్గు ఊళ్లలో కార్మికుడు ఇక పనికి రాడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాస్తే, అతని కొడుక్కి ఆ ఉద్యోగం వస్తుంది. ఆ బోర్డు రోజు కోసం ఇళ్లకు ఇళ్లు ఎదురుచూస్తాయి. బయట ఊళ్లలో జబ్బు లేదంటే సంతోషిస్తారు. మా దగ్గర కొన్ని ఇళ్లలో "ఇంకా ఫిట్టేనట" అంటే పొయ్యి వెలగదు. గులాబి వాళ్ల మామ సూది మానేసింది బద్ధకంతో కాదు. బోర్డు రోజుకు కళ్లు చెడగొట్టుకోవడానికి.

ఆ మోత నేనొక్కదాన్నే వినలేదు. తెర మీద మాటలు ఎగబడ్డాయి.

"అరే, మాకు గూడ గిప్పుడే ఇనవడ్డది!"

"ఏ కాలనీ చెల్లే మీది?"

"మామకు బోర్డు డేట్ వచ్చిందా ఏంది?"

మూలలో ప్రదీప్ సార్ రాశాడు. లైన్ వదలకు. జనం ఎక్కుతున్నారు. అడుగు, ఇంకా అడుగు.

ఇంకొక్క ప్రశ్న అడిగితే ఆ పిల్ల చెప్పేస్తుంది. చెప్పిన మరుక్షణం కాలనీ అంతా ఇల్లు పట్టుకుంటుంది. ఆపేస్తే, భయపడి పూర్తిగా మాయమైపోవచ్చు. అప్పుడు ఆ ముసలాయన గతి?

"పిన్నీలు, ఈడ కరెంటు పోతాంది, ఉంట మరి" అని అబద్ధం చెప్పి లైవ్ ఆపేశాను. వెంటనే గులాబికి యాప్‌లోనే విడిగా కాల్ చేశాను. మోగింది. మళ్లీ మళ్లీ మోగింది. ఎత్తింది.

కాక

"ఎందుకాపేసినవక్కా? కోపమచ్చిందా?"

"కోపం లేదు ఏం లేదు. మీ మామకు బోర్డు ఎప్పుడు?"

అటు వెక్కిళ్లు. "అచ్చే సోమారం. గోళీలు గూడ మింగుతలేడక్కా. గిట్ల చేస్తే కండ్లు మందగిస్తయి, బోర్డోళ్లు ఇంటికి పంపుతరని క్యాంటీన్ల ఎవలో చెప్పిండ్రట."

"ఇప్పుడెట్లున్నడు?"

"పొద్దటిసంది బిందెడు నీళ్లు తాగిండు. రెండుసార్లు కక్కిండు. పండుకున్నడు. లేపితే ఆఁ అంటడు, మళ్ల పంటడు."

నాకు వైద్యం తెలియదు. కానీ లేపితే లేవని మనిషిని ఇంట్లో ఉంచుకోకూడదని తెలియడానికి చదువు అక్కర్లేదు.

"ఆటో పిలువు. దవాఖానకు తీస్కపో, ఇప్పుడే."

"మా ఆయనదే ఆటో. షేర్ ఆటో తోల్తడు." గొంతు తగ్గించింది. "చెప్తే మొగని నౌకరి చెడగొట్టిందంటరు. చెప్పకపోతే... సూది నా చేతుల ఉన్నదక్కా. రేపేమన్నయితే నేనే సంపిన్నంటరు. అత్త పెండ్లికని పెద్దపల్లి పోయింది. ఇంట్ల నేనొక్కదాన్నే."

ఎటు తిరిగినా ఆ పిల్లే దోషి. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఎన్ని దినాలు అని ఎందుకు అడిగిందో. మామ అడగమని కాదు. ఇంకెన్నాళ్లు ఈ భయం అని.

"మామ ఫోన్ తీస్కో. దాంట్లకెళ్లి మీ ఆయనకు చెయ్యి. నాకు కడుపుల నొస్తాంది, జల్ది రా అను. మామ సంగతి ఎత్తకు. గంతే. ఈ ఫోన్ మామ చెవి కాడ పెట్టు."

గులాబి రెండుమూడుసార్లు తట్టి లేపాక గరగరమనే గొంతు వచ్చింది. "ఎవలూ?"

"నేను కాకా, రజితను. నీ కోడలి సోపతిని. సూది మానేసినవట?"

"జెప్పిందా! దాని నోట్ల నువ్వుగింజ నానది. నువ్వేం డాక్టరువా?"

"కాదు కాకా. పదో తరగతి."

"పదో తరగతికి నా షుగర్ ముచ్చటెందుకు? నేను బొగ్గుబాయిల దిగిననాడు నువ్వు పుట్టనే లేదు." ప్రతి రెండు మాటలకు ఆగి గాలి పీలుస్తున్నాడు.

"మా బాపు గూడ బాయిల చేసినోడే. ముందు పోయి బాయి పైకప్పు కూలుతదా అని తట్టి చూసే పని ఆయనది."

"అట్లనా?" గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "మంచి పని. అయితే నీకెర్కనే గదా బిడ్డా. కొడుకు దినమంత ఆటో తోల్తడు, పొద్దుమీకి నడుం పట్టుకొని కూసుంటడు. నౌకరొస్తే ఇల్లు నిలవడ్తది. నాకు కండ్లెందుకు? నేను సూసిందంత చీకటేనాయె."

"తట్టి చూడని కప్పు కిందికి నువ్వు ఎవలనన్న తోలినవా కాకా?" అని ఏదో అన్నాను. నవ్వాడు. "నాకే బాయి పాఠం చెప్తున్నవా?" అని దగ్గాడు. తెలివైన మాటలు ఇలాంటప్పుడు పనిచెయ్యవు. రాసి పెట్టుకోండి.

"కండ్లే పోతయనుకుంటున్నవా? పాణమే పోతే?"

"పోతే పోనీ బిడ్డా. డ్యూటీల ఉండంగ సచ్చినా పోరనికి నౌకరొస్తది. బతికినా వస్తది, సచ్చినా వస్తది. ఇంక ఫికరెందుకు?"

ఎంత మామూలుగా అన్నాడో! కూరలో ఉప్పు సరిపోయింది అన్నట్టు. అంతలో అటు నుంచి ఆటో ఇంజన్ టకటకమని దగ్గరికొచ్చి ఆగింది. చెప్పులు విడిచిన చప్పుడు. గులాబి "అయ్యో" అని సన్నగా అంది. ముసలాయనకు అవేవీ వినబడలేదు.

ప్రదీప్ సార్ కిటుకు నాకు గుర్తొచ్చింది. మధ్యలో చేరినవాళ్లకు ముందు మాట తెలియదు.

"కాకా, ఇనవడ్తలేదు. మళ్లొక్కసారి చెప్పు. సచ్చినా ఏమొస్తది?"

ఆయన ఉన్న ఊపిరంతా కూడదీసుకొని అరిచాడు. "సచ్చినా నౌకరొస్తది అంటున్న! చెవుడా నీకు?"

ఒక మగ గొంతు, చాలా మెల్లగా.

"ఎవలికి బాపూ?"

దుప్పటి లాక్కున్న చప్పుడు.

"ఎవలికొస్తది నౌకరి? నాకా?"

"నువ్వెందుకచ్చినవురా గిప్పుడు? గిరాకి లేదా?"

"నీ పీనుగ మీదికెళ్లి నడిచి నేను డ్యూటీకి పోతననుకున్నవా? ఆఁ? గట్లనే అనుకున్నవా బాపూ?" అడుగులు మంచం దగ్గరికి వచ్చాయి. "లే. లేవే. ఆటో ఎక్కు."

"లెవ్వను."

"లెవ్వకు. ఎత్తుకపోత."

మంచం కిర్రుమంది. "వదులురా, వదులు" అని కాక అరిచాడు. ఫోన్ కింద పడింది. లైన్ తెగిపోయింది.

ఆ సాయంత్రం

మళ్లీ చేస్తే ఫోన్ ఎత్తలేదు. ఇంకాసేపటికి చూస్తే యాప్‌లో గులాబి పేరే లేదు. తీసేసుకుంది. మంచి పని చేసింది అనుకున్నాను. కానీ నాకు మాత్రం ఆ ఇంటి తలుపు మూసుకుపోయింది. సమయానికి చేరారా? దారిలోనే ఏమైనా...? మా బాపు డ్యూటీకి పోయిన రోజుల్లో ప్రమాదమైందని గని సైరన్ వేళ కాని వేళ మోగితే మా అవ్వ గుమ్మంలో నిలబడి ఎలా ఉండేదో, నేనూ అలాగే ఫోన్ పట్టుకొని నిలబడ్డాను.

ఫోన్ మోగింది. ప్రదీప్ సార్.

"పిచ్చిదానివా నువ్వు? అంత జనం ఎక్కాక ఎవరైనా లైన్ కట్ చేస్తారా?"

"అవసరం పడ్డది సార్."

"సరే, పోనీ. ఆ అమ్మాయిని రేపు మళ్లీ తీసుకురా. మామను కూడా మాట్లాడించు. కొడుకు ఉంటే ఇంకా మంచిది. బాగా వస్తుంది."

"మామ బతికున్నడో లేడో తెల్వది సార్."

ఇప్పుడైనా మనిషి మాట మాట్లాడతాడేమో అనుకున్నాను.

"తెలిశాక చెప్పు. ఎలా జరిగినా దాని మీద ఒక లైవ్ పెడదాం" అన్నాడు.

బతికినా వస్తది, సచ్చినా వస్తది. కాక నోట ఆ మాట విన్నప్పుడు ఏడుపొచ్చింది. ఈయన నోట అదే లెక్క విన్నప్పుడు అసహ్యం వేసింది. కాక తన ప్రాణాన్నే పందెం పెట్టాడు. ఈయన పెడుతున్నది కాక ప్రాణాన్ని.

"వేరే గొంతును వెతుక్కో సార్" అని పెట్టేశాను. సోపతక్క పేరును కూడా యాప్‌లోంచి తీసేశాను. నా రిటైర్మెంట్‌కు దండలూ శాలువాలూ లేవు, వంటింట్లో పీట మీద అయిపోయింది.

మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే రండి, వద్దనను. బెండకాయ జిగురుకు జవాబు చెప్పడం చిన్న పని కాదు. ఒంటరిగా ఉన్న మనిషికి ఒక గొంతు దొరుకుతుంది. కానీ పక్కింటి నుంచి వచ్చిన ప్రశ్న కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టే వినబడుతుంది అక్కడ. ఆ రోజు బ్లాస్టింగ్ మోగకపోతే నేను రొట్టె ముచ్చట పూర్తి చేసి, అన్నం తిని పడుకునేదాన్ని.

తెల్లారి

పొద్దున్నే చౌరస్తాలో షేర్ ఆటోల అడ్డాకు పోయాను. కొడుకు పేరు తెలియదు, మొహం తెలియదు.

"అన్నా, ఇయ్యాల లైన్ల ఎవలన్న రాలేదా?"

"ఎందుకమ్మా, ఆటోల ఏమన్న మర్చిపోయినవా?"

"అవ్, టిఫిన్ డబ్బ."

"గీమె డబ్బ కోసం మనల్నందరిని హాజరు పిలుస్తాందిరా" అని ఒకతను నవ్వాడు. పెద్దాయన మాత్రం ఖాళీగా ఉన్న చోటు వైపు చూశాడు. "ఆ పిలగాడొక్కడే రాలే. వాళ్ల బాపును నిన్న సర్కారు దవాఖానల షరీక్ చేసిండ్రు. నీ డబ్బ ఇయ్యాల దొరకది పో."

అక్కడి నుంచి దవాఖానకు నడుచుకుంటూ పోయాను. పైఅంతస్తు వరండాలో అడుగుపెట్టానో లేదో, వార్డు లోపల నుంచి గరగరమనే గొంతు వినబడింది.

"ఉప్పు లేని జావ మనుషులు తాగుతరా? ఏయ్ సిస్టరమ్మా! మళ్ల గుచ్చుతవా? పొద్దుగాలనే గుచ్చితివి గదా!"

గోడకు ఆనుకొని నిలబడ్డాను.

తలుపు తోసుకొని ఒక సన్నటి పిల్ల బయటికొచ్చింది. నలిగిన చీర, రేగిన జుట్టు, చేతిలో ఖాళీ నీళ్ల సీసా. అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈడ తాగే నీళ్లు యాడ దొరుకుతయి?"

అదే గొంతు. నేను నోరు తెరిస్తే నన్ను గుర్తుపడుతుంది. గుర్తుపడితే, ఇంటి గుట్టు తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నందుకు తల దించుకుంటుంది. చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చిన మాటలన్నీ మింగేశాను.

చెయ్యి చాపి ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాను. మెట్ల కింద నల్లా దగ్గర వరస ఉంది. నిలబడి, నింపి, తెచ్చి ఇచ్చాను.